ఫోన్ కొడితే బండి ఇంటికొస్తుందట!

నాలుగు రోజుల్లో ఆరుగురు ఒకే మెసేజ్ పంపారు. మొదట మా బావమరిది, తర్వాత అమలాపురంలో నాతో చదువుకున్నవాడు, చివరికి నా అంబాసిడర్ కనబడితే చాలు నవ్వే మా చిన్నాన్న కూడా. "పాత కార్లున్న సోదరులారా, ఇక టెన్షన్ లేదు" అని మొదలవుతుంది ఆ మెసేజ్. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి, అంటే దారిలో బండి ఆగితే వచ్చి సాయం చేసే ప్లానుకి, ఏడాదికోసారి కడితే చాలట. కారు ఎంత పాతదైనా పర్లేదట. ఆగిపోయాక కట్టినా వచ్చేస్తారట. స్టెప్నీ, పానాలు మోసుకు తిరగక్కర్లేదట. బ్యాటరీ పడిపోతే వచ్చినవాడే వైరు తగిలిస్తాడట. అప్పటికీ కదలకపోతే ముందు చక్రాలు ఎత్తి, ఎంత దూరమైనా ఇంటికి లాక్కొచ్చేస్తారట. పంపినవాళ్లలో ఒక్కరికైనా పాత కారుంటే నాకింత ఒళ్లు మండేది కాదు.

కారు వయసుకి చాలా ప్లాన్లలో హద్దు ఉంటుంది. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది, ఫియట్ పద్మిని అంతకు చాలా ముందే. కట్టేముందే అడిగి తెలుసుకోవాలి. ఆగిపోయాక కడతానంటారా, ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. కట్టిన తర్వాత కొంత గడువు దాటితేనే సాయం వర్తిస్తుందని చాలా ప్లాన్లలో రాసుంటుంది, చదివే ఓపికుంటే.

పానాల సంగతి. వచ్చే కుర్రాడి దగ్గర ట్యూబ్‌లెస్ టైరుకి పంచరు వేసే సామాను ఉంటుంది. నా టైర్లలో ట్యూబులున్నాయి. అతని పెట్టెలో మిల్లీమీటర్ల పానాలు, నా ఇంజన్ నట్లు అంగుళాల లెక్క. దగ్గర దగ్గరగా పట్టిందని తిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రంగా తయారవుతుంది. ఫ్యాన్ బెల్టు, పాత ఇంజన్ల స్పార్కుకి కావలసిన పాయింట్లు, కండెన్సర్ నా డిక్కీలో లేకపోతే అతని వ్యానులో అసలుండవు. ఎండాకాలం ఇంజన్‌కి పెట్రోలు అందించే పంపు వేడెక్కి, లోపల ఆవిరి పట్టి బండి ఆగితే కావలసింది ఒక తడి తువ్వాలు, ఇరవై నిమిషాల ఓపిక. పక్కనే కాలువ ఉన్న ఊళ్లలో దానికి సభ్యత్వం ఎందుకు? (వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మాత్రం సీసాతో నీళ్లు మీరే తెచ్చుకోవాలి.)

బ్యాటరీ దగ్గర తొందర పనికిరాదు. పాత బ్రిటిష్ కార్లు చాలావాటిలో బాడీకి కలిపేది ప్లస్సు వైరు. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి విల్లీస్ జీపుకి ఉన్నదే 6 వోల్టులు, ఇప్పటి కార్లకు 12. కుర్రాడు అలవాటు కొద్దీ మైనస్ తెచ్చి బాడీకి తగిలిస్తే నిప్పురవ్వలు లేస్తాయి, మీరు పక్కకి గెంతాలి. ముందే చెప్పాల్సింది మీరే.

ఇక ముందు చక్రాలు ఎత్తి లాక్కురావడం. ఈ ఒక్క ముక్క రాసినవాణ్ణి పట్టుకుని నా గేర్‌బాక్సు బిల్లు చేతిలో పెట్టాలని ఉంది. మూడేళ్ల కిందట అంతర్వేది నుంచి వస్తుంటే దిండి దగ్గర బండి ఆగింది. నేను వేరే కారులో ముందు వెళ్లిపోయాను, మా అబ్బాయి దగ్గరుండి ఎక్కించాడు. వచ్చినవాడు ముందు భాగం కొక్కేనికి ఎత్తి, వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లించుకుంటూ రాజమండ్రి దాకా లాక్కెళ్లాడు. "న్యూట్రల్లోనే ఉందండీ" అన్నాడట. ఉంది, కాదన్నదెవరు?

అంబాసిడర్‌ని నడిపేవి వెనక చక్రాలు. అవి దొర్లుతుంటే వాటిని గేర్‌బాక్సుతో కలిపే పొడవాటి కడ్డీ, ప్రొపెల్లర్ షాఫ్ట్, తిరుగుతుంది, దాంతో గేర్‌బాక్సులో పై కడ్డీ, మెయిన్ షాఫ్టూ తిరుగుతుంది. కింద నూనెలో మునిగి ఉండే రెండో కడ్డీ, లే షాఫ్టు మాత్రం ఇంజన్ ఆగిపోయాక న్యూట్రల్లో కదలదు. నూనెని పైకి చిమ్మేది అదే. అంటే రాజమండ్రి దాకా నా మెయిన్ షాఫ్టు ఎండు గొంతుతో తిరిగింది. మెకానిక్ విప్పి చూపించిన బేరింగు నీలం రంగుకి మాడిపోయి ఉంది. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటిని నడిపేవి ముందు చక్రాలు కాబట్టి, ముందు ఎత్తడమే వాటికి సరైన పద్ధతి. లాక్కెళ్లేవాళ్లకు ఆ అలవాటు అక్కణ్ణుంచే వచ్చింది. మన బండికి మాత్రం నాలుగు చక్రాలూ పైకెక్కించుకునే లారీ కావాలి. అది రాకపోతే వెనక భాగం ఎత్తి, స్టీరింగు కదలకుండా కట్టాలి. అదీ కుదరకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక బోల్టులు విప్పి, దాన్ని పైకి కట్టేయాలి. ఫోన్‌లోనే "నాలుగు చక్రాలూ ఎక్కించే లారీ పంపండి" అని అడగండి, రెండుసార్లు అడగండి.

"ఎంత దూరమైనా" అట! కిలోమీటర్లకి హద్దుంటుంది, దాటితే డబ్బు మీదే. మన డెల్టాలో దూరమంటే ఏమిటో రాసినవాడికి తెలియదు. సఖినేటిపల్లి రేవులో నిలబడితే నరసాపురం కనిపిస్తుంది. మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే పంటు మీద దాటితే ఎంతసేపు? కానీ మీ కారు మోస్తున్న లారీ చించినాడ వంతెన మీదుగా చుట్టి రావాలి. ఏటిగట్టు మీద ఆగారా, ఆ లారీ వెనక్కి తిరగడానికే చోటుండదు. ఇక 16వ నంబరు జాతీయ రహదారి మీద, రావులపాలెం, తణుకు వైపు ఆగితే 1033కి ఫోన్ చేయండి, క్రేను వస్తుంది. అడ్డం లేకుండా పక్కన పెట్టడమే దాని పని, మీ ఇంటి గుమ్మంలో దింపడం కాదు.

ఇంత తిట్టిపోశాక చెప్పడానికి మొహమాటంగానే ఉంది, నేను ఈ ఏడూ కట్టాను. మొన్న సంక్రాంతి వెళ్లాక ఒక రాత్రి పదకొండు దాటింది, వెనక సీట్లో మా అమ్మ, చుట్టూ మంచు, బండి కదలదు. అడిగిన లారీ రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో ఫోన్ అవతలి అమ్మాయి నాలుగుసార్లు తనే చేసింది, "పెద్దావిడ ఎలా ఉన్నారండీ" అని అడుగుతూ. మా బావమరిదికి నేను ఆరుసార్లు చేశాను. ఎత్తలేదు.