అవుతుంది లెండి, సార్టౌట్

మా వంటింటి గోడ మీద చెమ్మ మొదట్లో అరచేతంత ఉండేది. పై ఫ్లాటాయన చూసి "సార్టౌట్ చేద్దామండీ" అన్నారు. ప్లంబరూ అదే అన్నాడు. అసోసియేషన్ సెక్రటరీగారు, జోడించిన చేతుల బొమ్మతో సహా, గ్రూపులో అదే పెట్టారు. ముగ్గురు ఒకే మాట మీద నిలబడటం మా అపార్టుమెంటు చరిత్రలో ఇదే మొదలు. చెమ్మ ఇప్పుడు చేటంత అయింది.

అంచేత ఈ మాటను కాస్త శాస్త్రీయంగా పరిశీలించక తప్పలేదు.

ఇంగ్లీషులో సార్ట్ అంటే వేరుచేయడం. పోస్టాఫీసువాళ్ళ సార్టింగ్ అదే. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చాక, ఉత్తరం ఏ సార్టింగ్ జిల్లాకు పోవాలో మొదటి మూడంకెలే చెప్పేస్తున్నాయి. అయినా చెయ్యి ఆడాలిగా! ఆర్.ఎం.ఎస్. అనే రైల్వే మెయిల్ సర్వీసు సార్టర్లు ఊగిపోయే రైలుపెట్టెలో రాత్రంతా నిలబడి ఉత్తరాలు గూళ్ళలో వేసేవారు. "అవుతుంది లెండి" అని వాళ్ళూ కిటికీ పక్కన కూర్చుంటే కాకినాడ కార్డు కర్నూల్లో దిగేది. మా అమ్మ చత్వారం అద్దాలు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరేదే, అదీ ఇదే క్రియ.

ఇక వ్యాకరణం. సమస్యను తేల్చడమనే అర్థంలో ఇది ఇంగ్లీషులో సకర్మకం. ఎవరో ఒకరు, దేన్నో ఒకదాన్ని చెయ్యాలి. పైగా 'ఇట్' వస్తే సార్ట్‌కీ అవుట్‌కీ నడుమ దూరాల్సిందే: 'సార్ట్ ఇట్ అవుట్'. బయట నిలబెడితే తప్పు. అంటే సమస్యను మధ్యలో పెట్టుకుని రెండువైపులా పట్టుకోవాలన్నమాట. మనం ఆ శ్రమ తీసేశాం. రెంటినీ ఒకే ముద్ద చేసి వెనక 'అవు' తగిలించాం. తెల్లారుతుంది, పొద్దుగుంకుతుంది, సార్టౌట్ అవుతుంది. చేసేవాడంటూ ఎవడూ లేడు. పోనీ 'చేద్దాం' అన్నా, అందులో మీరున్నారు, నేనున్నాను, పానా పట్టుకునేవాడు లేడు.

బ్రిటన్‌లో ఒకణ్ణి 'సార్టౌట్ చేస్తా' అంటే నాలుగు తగిలిస్తానని కూడా అర్థం, మన 'వాడి సంగతి చూస్తా' లాగా. ఈ అర్థం ఎందుకో మనదాకా రాలేదు. ప్లంబరుకి నేర్పుదామని రెండుసార్లు అనిపించింది.

నిన్న రాత్రి ఆ చెమ్మ ఉన్న మేర పెచ్చు ఊడి స్టవ్ మీద పడింది. ఫొటో గ్రూపులో పెట్టాను. "మచ్చ పోయిందిగా, సార్టౌట్ అయినట్టేనండీ" అన్నారు పై ఫ్లాటాయన. దానికి పదకొండు బొటనవేళ్ళు పడ్డాయి. ఒకటి మా ఆవిడది.