సంచిలో ఏడు స్ట్రిప్పులు, చూసే మనిషి ఒక్కరూ లేరు

మొన్న విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పలాస బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దాయన, పక్కనే ఉన్న మా ఆఫీసు కుర్రాడి ఒళ్ళో ఒక నల్ల కవరు పెట్టి "బావూ, ఇందల గేస్ బిళ్ళేటో సూసి సెప్పవా" అన్నారట. కవర్లో ఏడు స్ట్రిప్పులు, రెండు చీటీలు. ఒక చీటీ సిటీలో పెద్ద డాక్టరుగారిది, రెండోది ఊళ్ళో ఆర్‌ఎంపీది. మావాడికి మందుల గురించి ఏమీ తెలీదు గానీ వాళ్ళ చెల్లెలు ఫార్మ్‌ డి అనే ఆరేళ్ళ మందుల కోర్సులో ఐదో ఏడాదిలో ఉంది, అందుకని స్ట్రిప్పులన్నీ బెంచీ మీద పరిచి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. రెండు నిమిషాలకే ఆ అమ్మాయి ఫోన్.

"అన్నయ్యా, మూడోదీ ఐదోదీ ఒకటే బీపీ మందు, టెల్మిసార్టాన్, కంపెనీ పేర్లే వేరు. ఐదోదాంట్లో ఒంట్లో నీరు ఉచ్చలో పోయేలా చేసే నీళ్ళ మందు కూడా కలిసుంది. ఏడోది డైక్లోఫెనాక్, మోకాళ్ళ నొప్పికి ఇచ్చుంటారు. ఈ మూడూ కలిస్తే కిడ్నీ మీద పడుతుంది. తాతగారికి క్రియాటినిన్, అదే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష, ఎంతుందో రిపోర్టులో చూడు. ఏదీ సొంతంగా ఆపేయొద్దని చెప్పు, చీటీ మీద నంబరుంటే ఇప్పుడే డాక్టరుగారికి ఫోన్ కలుపు."

పెద్దాయన రెండూ వేసుకుంటున్నారు. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయని దానికి ఇంకో బిళ్ళ కూడా ఆర్‌ఎంపీ రాశాడు. డాక్టరుగారు ఫోన్ ఎత్తారు, విన్నారు, ఒకటి ఆపమన్నారు, నొప్పి బిళ్ళ పూర్తిగా మానేయమన్నారు, పది రోజుల్లో రక్త పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. ఈలోపు పలాస బస్సు వచ్చేసింది.

ఇక్కడ తప్పు ఎవరిదని వెతికితే ఎవరిదీ పెద్దగా కనపడదు. పెద్ద డాక్టరు పాత బిళ్ళ మార్చి కొత్తది రాశారు, పాతది ఆపమని నోటితో చెప్పే ఉంటారు, ఓపీలో వెనకాల ఎనభై మంది నిలబడి ఉంటే ఆ మాట ఎంత గట్టిగా చెప్పగలరు, ఈయనకి ఎంత వినపడుతుంది. మందుల షాపువాడు చీటీలో ఉన్నది ఇచ్చాడు. ఆర్‌ఎంపీ తన దగ్గరికి నొప్పని వచ్చినందుకు నొప్పి బిళ్ళ ఇచ్చాడు. ఎవరి ముక్క వాళ్ళు చూశారు, సంచి మొత్తం ఒక్కసారి బోర్లించి చూసిన మనిషే లేరు. పైగా పలాస అంటే ఉద్దానం పక్కనే, అక్కడ కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని ఊడ్చేసిందో మన పాఠకులకి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడివాళ్ళకి నొప్పి బిళ్ళ ఇచ్చే ముందు రెండుసార్లు ఆలోచించాల్సింది పోయి, మనం స్ట్రిప్పులకి స్ట్రిప్పులే ఇచ్చి పంపిస్తున్నాం.

ఆ అమ్మాయి ఫోన్లో చేసిన పనికి ఒక పేరుంది, క్లినికల్ ఫార్మసీ. ఆ పని ఆస్పత్రి లోపల, జీతానికి, రోజూ జరగాలని మా వాదన.

మనలో చాలామందికి ఫార్మసిస్ట్ అంటే షాపులో కౌంటర్ వెనకాల స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చే మనిషే. కానీ ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లోనే ఫార్మ్‌ డి అని ఆరేళ్ళ కోర్సు పెట్టింది, ఐదేళ్ళు చదువు, ఒక ఏడాది ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్. ఈ కోర్సు నడపాలంటే కాలేజీకి కనీసం 300 పడకల ఆస్పత్రితో ముడి ఉండాలని రూలు కూడా పెట్టారు. అంటే ఈ పిల్లలు ల్యాబులో బిళ్ళలు చెయ్యడం నేర్చుకోడానికే వచ్చినవాళ్ళు కారు, వార్డులో కేస్ షీట్ చూసి ఏ మందు ఎవరికి ఎంత, దేనితో పడదు, కిడ్నీ పాడైతే డోసు ఎంత తగ్గించాలి, ఇది నేర్చుకోడానికి వచ్చినవాళ్ళు. 2015లో ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ వచ్చాయి, పేషెంటుకి మందు గురించి విడమర్చి చెప్పడం ఫార్మసిస్టు డ్యూటీ అని అందులో రాశారు. 2021లో దాన్ని సవరించి క్లినికల్ ఫార్మసిస్ట్ అనే పోస్టు పేరు కూడా చేర్చారు. కాగితం మీద అంతా బానే ఉంది. గవర్నమెంట్ ఆస్పత్రుల్లో మాత్రం ఫార్మసిస్ట్ అంటే ఇప్పటికీ స్టోరు, ఇండెంటు, కౌంటరు, స్టాకు రిజిస్టరు.

విశాఖలో కూర్చుని ఈ మాట రాయాల్సి రావడం మాకు కొంచెం చిన్నతనంగానే ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో ఫార్మసీ చదువు 1951 నుంచి ఉంది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్), ఆంధ్రా మెడికల్ కాలేజీ రెండూ 1923 నుంచి ఉన్నాయి, వందేళ్ళు దాటాయి. పరవాడ ఫార్మా సిటీలో తయారయ్యే మందు సముద్రాలు దాటి పోతుంది, ఆ దారిలో వెళ్తుంటే అద్దాలు ఎక్కించుకున్నా వాసన తెలుస్తుంది. మందు తయారుచేసేవాళ్ళు మన దగ్గరే ఉన్నారు, రాసేవాళ్ళూ ఉన్నారు, అమ్మేవాళ్ళు సందుకి ముగ్గురున్నారు. ఆ మందు ఒంట్లోకి వెళ్ళాక ఏం చేస్తోందో పక్కన నిలబడి చూసే మనిషికే కుర్చీ లేదు.

అసలు అంత చూడాల్సింది ఏముంటుందని అడిగేవాళ్ళుంటారు. ఒక్క ఇన్సులిన్ సంగతే చూద్దాం. మన దగ్గర గాజు సీసాలో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులో వేసుకునేది ఎంఎల్‌కి 100 యూనిట్లు, 100 యూనిట్ల సీసాలు కూడా ఉన్నాయి, వాటికి ఆరెంజ్ మూత సిరంజి. షాపులో ఎర్రది అయిపోయిందని ఆరెంజ్‌ది ఇచ్చారనుకోండి, ఆ ఇంట్లో కోడలు ఎప్పట్లాగే 20 గీత దాకా లాగుతుంది, కానీ లోపలికి వెళ్ళేది 8 యూనిట్లే. షుగర్ దిగదు, డాక్టరు డోసు పెంచుతారు. తర్వాత నెల ఎర్ర సిరంజి దొరుకుతుంది, పెంచిన డోసు పూర్తిగా ఒంట్లోకి వెళ్తుంది, తెల్లవారుజామున మనిషి చెమటలు పట్టి పడిపోతాడు. అటుగా తిరగబడితే ఇంకా ఘోరం, 100 సీసాలోంచి ఎర్ర సిరంజితో 20 గీత లాగితే వెళ్ళేది 50 యూనిట్లు. ఇందులో ఎంబీబీఎస్‌తో పని లేదు, మూత రంగు, సీసా మీద అంకె, ఈ రెండూ కలిపి చూసి ఇంట్లోవాళ్ళ చేత ఒకసారి లాగించి చూసే ఓపిక ఉన్న మనిషి చాలు. అదే మనిషి, పాడేరు పైనున్న ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళకి ఫ్రిజ్జు లేకపోతే తడి ఇసకలో కుండ పెట్టి అందులో సీసా దాచుకోవచ్చని కూడా చెప్తుంది. ఆ ముక్క ఏ చీటీలోనూ ఉండదు.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. కీళ్ళవాతానికి వారానికి ఒక్క రోజు వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ని రోజూ వేసుకుని ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. థైరాయిడ్ బిళ్ళా కాల్షియం బిళ్ళా పొద్దున్నే ఒకే గుక్కలో మింగేసి, థైరాయిడ్ ఎందుకు తగ్గట్లేదని ఏడాదంతా టెస్టులు చేయించుకునే ఆడవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. కిడ్నీ సగం పోయినా అదే డోసు షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్ మింగుతున్నవాళ్ళ సంగతి సరే సరి.

పక్కన ఫార్మసిస్టు ఉంటే నిజంగా తేడా వస్తుందా అంటే, దీనికి పాతికేళ్ళ కిందటే లెక్క తేలింది. అమెరికాలో బోస్టన్‌లోని ఒక పెద్ద ఆస్పత్రి ఐసీయూలో రోజూ పొద్దున్న రౌండ్స్‌లో డాక్టర్లతో పాటు ఒక సీనియర్ ఫార్మసిస్టుని నిలబెట్టారు. మందు రాసే దశలో జరిగే, ఆపగలిగిన నష్టాలు 66 శాతం తగ్గాయని 1999లో అచ్చేశారు. మాకు ఇంకా నచ్చింది అందులోని రెండో అంకె, ఆ ఫార్మసిస్టు చేసిన 366 సూచనల్లో 362 డాక్టర్లు ఒప్పుకున్నారు. అంటే పోట్లాట కాదు అక్కడ జరిగింది, ఒక చెయ్యి తోడైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2017లో మందుల వల్ల జరిగే తీవ్రమైన, ఆపగలిగిన హాని ఐదేళ్ళలో సగానికి తగ్గాలని పిలుపిచ్చింది, ఆ ఐదేళ్ళు అయిపోయి కూడా చాన్నాళ్ళయింది.

మన డాక్టర్లకి ఉన్న అనుమానాలు మాకు తెలుసు, వాటిని కొట్టిపారెయ్యం. "మేం రాసింది వీళ్ళు దిద్దడమేంటి" అన్నది బయటికి వినిపించే మాట. బయటికి రానిది ఇంకోటుంది, రేపు కేసైతే బాధ్యత ఎవరిది అని. రెండోదే అసలు ప్రశ్న, దానికి జవాబు ముందే రాసి పెట్టుకోవాలి. మా లెక్క ప్రకారం ఫార్మసిస్టు చీటీ మార్చకూడదు, మార్చమని రాతలో అడగాలి, డాక్టరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కేస్ షీట్‌లో ఒక సంతకం పడాలి. అప్పుడు రేపు ఎవరైనా అడిగినా ఎవరు ఏమన్నారో కాగితమే చెప్తుంది. బ్రిటన్‌లో 2006 నుంచి ట్రైనింగ్ తీసుకున్న ఫార్మసిస్టులు సొంతంగా మందులు రాయొచ్చు, ఆ కథలు చెప్పి ఇక్కడ కూడా వెంటనే రాయనివ్వాలని కొందరు అంటున్నారు గానీ మాకది తొందరపాటుగానే అనిపిస్తుంది. రాసేవాళ్ళు మనకి కాస్తోకూస్తో ఉన్నారు, రాసినదాన్ని మళ్ళీ చూసేవాళ్ళే లేరు. ముందు అది. అలాగే ఫార్మ్‌ డి చదివినవాళ్ళు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవాలా వద్దా అన్న తగువు, దాని మీద ఇరువైపులా ఖర్చైన ఊపిరితో ఒక వార్డు నడిపేయొచ్చు.

హౌస్ సర్జన్లనీ సిస్టర్లనీ అడిగి చూడండి, వాళ్ళు వద్దనరు. రాత్రి డ్యూటీలో ఒక సిస్టర్ నలభై మంది పేషెంట్లకి ఇంజక్షన్లు కలుపుతూ, ఏది సెలైన్‌లో కలపాలి ఏది గ్లూకోజ్‌లో కలపాలి, ఎంతసేపట్లో ఎక్కించాలి అన్నది ఎవరిని అడుగుతుంది? గూగుల్‌ని అడుగుతుంది, నెట్ ఉంటే.

ప్రైవేటు కార్పొరేట్ ఆస్పత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టులు ఉన్నారు కదా అంటారు. కొన్నిచోట్ల ఉన్నారు, బాగా పనిచేస్తున్నవాళ్ళూ ఉన్నారు, కాదనం. కానీ చాలాచోట్ల, ఆస్పత్రుల నాణ్యతకి సర్టిఫికెట్ ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ ఇన్‌స్పెక్షన్ వచ్చే ముందు ఫైళ్ళు నింపడానికి తీసుకుంటారు, ఆడిట్ అయ్యాక బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చోబెడతారు. ఆరేళ్ళు చదివి డెలివరీ బాయ్‌కి వచ్చినంత కూడా రాకపోతే ఎవరుంటారు? అందుకే బ్యాచ్‌కి బ్యాచ్, జబ్బులకీ చికిత్సలకీ కోడ్ నంబర్లు వేసే మెడికల్ కోడింగ్‌కి పోతున్నారు, హైదరాబాద్‌లో సేఫ్టీ డేటా కంపెనీలకి పోతున్నారు, కాస్త స్థోమత ఉన్నవాళ్ళు పరీక్షలు రాసి కెనడాకో ఇంకో దేశానికో పోతున్నారు. ఎక్కడో అమెరికాలో ఎవరికో మందు వికటిస్తే ఆ రిపోర్టు మన పిల్లలు రాత్రి షిఫ్టులో కూర్చుని కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు. మన వార్డులో మందు వికటిస్తే "ఒంటికి పడలేదు" అనేసి ఊరుకుంటున్నాం. అలాంటివి చెప్పడానికి 2010 నుంచి దేశవ్యాప్తంగా ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం నడుస్తోంది, 1800-180-3024 అని టోల్‌ఫ్రీ నంబరుంది, పేషెంట్లు కూడా చెయ్యొచ్చు. ఈ నంబరు మన ఓపీ గోడల మీద, పాన్‌పరాగ్ ఉమ్మి వెయ్యొద్దన్న బోర్డు పక్కనైనా సరే, పెద్దక్షరాల్లో రాయించాలి.

గవర్నమెంట్‌ని మేం అడిగేది పెద్ద స్కీము కాదు. స్కీములకి పేర్లు మారతాయి, ఆరోగ్యశ్రీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, రేపు ఇంకోటవ్వొచ్చు. ముందు కేజీహెచ్‌లో మొదలుపెట్టండి, ఎందుకంటే ఇచ్ఛాపురం నుంచి, అరకు నుంచి, ఒడిశా బోర్డరు నుంచి కూడా జబ్బు ముదిరినవాళ్ళంతా చివరికి చేరేది అక్కడికే. మెడిసిన్ వార్డుకి, కిడ్నీ జబ్బులు చూసే నెఫ్రాలజీకి, ఐసీయూకి తలా ఒక క్లినికల్ ఫార్మసిస్ట్, పర్మినెంట్ పోస్టు, జీతం చదువుకి తగ్గట్టు. వాళ్ళు స్టోరు కింద కాదు, వార్డు కింద ఉండాలి, రౌండ్స్‌లో నిలబడాలి. ఆర్నెల్లయ్యాక ఎన్ని సూచనలు చేశారు, డాక్టర్లు ఎన్ని ఒప్పుకున్నారు అన్న లెక్క బయటపెట్టండి, పనికిరాదని తేలితే మేమే ఇదే పేజీలో రాస్తాం. స్టోరుల్లో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న డిప్లొమా ఫార్మసిస్టులు తమ కుర్చీ కిందకి నీళ్ళొస్తాయని భయపడక్కర్లేదు, ఆ పని వేరు, ఈ పని వేరు, వాళ్ళకీ ట్రైనింగ్ ఇచ్చి కౌంటర్ దగ్గర మాట్లాడించొచ్చు.

వీళ్ళతో పాటు ఒక టేబుల్, రెండు కుర్చీలు, డిశ్చార్జ్ అయ్యేవాళ్ళ సంచి బోర్లించి చూడ్డానికి. పాత స్ట్రిప్పులు ఒక పక్క, కొత్తవి ఒక పక్క పెట్టి, ఆపెయ్యాల్సిన వాటి మీద మార్కర్‌తో ఇంటూ కొట్టి, చదువు రానివాళ్ళకి పొద్దుకి సూర్యుడి బొమ్మ, రాత్రికి చందమామ బొమ్మ వేసి పంపాలి. ఆ టేబుల్ ఎక్కడో మూడో అంతస్తులో ఏ గది నంబరులోనో పెడితే ఎవరూ ఎక్కరు. మందుల కౌంటర్‌కీ బయటి గేటుకీ మధ్యలో, దారికి అడ్డంగా పెట్టాలి, ఎందుకంటే మందులు చేతికొచ్చాక ఎవరూ ఆగరు, కాంప్లెక్స్‌కి ఆటో ఎక్కేస్తారు.