జయపురంలో జర్మనీ టవరును వెతికే గడియారం

విదేశాల నుంచి వచ్చే చుట్టాలకు చేతులు జోడించి ఒక మనవి. చాక్లెట్లు తెండి, సబ్బులు తెండి, రేడియో సంకేతం పట్టుకుని టైము తానే సరిచేసుకునే అలారం గడియారం మాత్రం తేకండి.

మా మేనల్లుడు జర్మనీ నుంచి ఒకటి తెచ్చి, "మామయ్యా, బ్యాటరీలు వేసి వదిలెయ్యి, టైము అదే పెట్టుకుంటుంది" అని చెప్పి విమానం ఎక్కేశాడు. వేశాం. తెర మీద చిన్న టవరు బొమ్మ ఆరుతూ వెలుగుతూ కనిపించింది. కాసేపటికి మాయమైంది. అర్ధరాత్రి దాటాక మళ్లీ ప్రత్యక్షం! ఫోన్ చేస్తే టీవీకి దూరంగా పెట్టమన్నాడు, పెట్టాం. కిటికీలో పెట్టమన్నాడు, అదీ అయింది.

పాపం, అది వెతుకుతున్నది ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి మైన్‌ఫ్లింగెన్ నుంచి వచ్చే డీసీఎఫ్77 అనే రేడియో టైము సంకేతం కోసం. 77.5 కిలోహెర్ట్జ్‌ల మీద, సెకనుకో చుక్క చొప్పున, నిమిషం తిరిగేసరికి టైమూ తేదీ మొత్తం చెప్పేస్తుందట. బాగానే ఉంది. కానీ అది అందేది సుమారు 2000 కిలోమీటర్ల వరకే. ఒడిశాలో మా జయపురం ఉన్న కొరాపుట్ జిల్లాలో కిటికీ తెరిస్తే దోమలొస్తాయి, జర్మనీ సంకేతం ఎక్కడి నుంచి వస్తుంది?

ఒళ్లు మండేది ఎక్కడంటే, దేశం మొత్తానికి టైము నిర్ణయించే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మా జయపురానికి పది కిలోమీటర్ల లోపే పోతుంది. పెరట్లో బావి పెట్టుకుని పక్క ఊరి కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డట్టుంది మా పని. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారాలతో మన టైమును కాపాడుతోంది, నిజమే. ఇలాంటి గడియారాలు పట్టుకోగల లాంగ్‌వేవ్ (పొడవాటి రేడియో తరంగాల) ప్రసారం మాత్రం మనకు లేదు. పోనీ జర్మనీ సంకేతమే ఎలాగో అందిందనుకుందాం. టైమ్‌జోన్ మీట నొక్కితే ఇది గంటలకు గంటలే జరుగుతుంది. గ్రీన్‌విచ్ టైముకు మనం ముందున్న అయిదున్నర గంటల్లోని ఆ అరగంటను ఎక్కడ పెట్టుకోవాలి?

ఇంత ఉన్నా వీటిని ఆన్‌లైన్‌లో మనకూ అమ్ముతున్నారు. "భారతదేశంలో సంకేతం అందదు" అని ఒక్క ముక్క రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

మేనల్లుడు ఊరుకుంటాడా! ఫోనులో ఒక యాప్ వేసుకుని, స్పీకరు పక్కన గడియారం పెడితే, ఆ స్పీకరు నుంచి వెలువడే విద్యుదయస్కాంత తరంగాలతోనే జర్మనీ సంకేతం వచ్చినట్టు దాన్ని నమ్మించవచ్చట. ఫోనుకు టైము తెలుసు, ఫోనులో అలారమూ ఉంది. మధ్యలో ఈ శిష్యుడికి రోజూ పాఠం చెప్పించడం నాకెందుకు?

ఇప్పటికే ఒకటి ఇంట్లో ఉన్నవాళ్లు ముందు సంకేతం వెతకడాన్ని ఆపేయండి, అందుకు మీట ఉంటే. ఆపకపోతే రాత్రిళ్లు ఊరికే వెతికి బ్యాటరీ తినేస్తుంది. తర్వాత టైము చేత్తో పెట్టుకోండి. ఇక అది మామూలు క్వార్ట్జ్ గడియారమే, నెలకు పదిహేను సెకన్లు అటూ ఇటూ అవుతుంది. సాలూరు మీదుగా విజయనగరం వెళ్లే మా తెల్లవారుజాము బస్సుకు అంత నిక్కచ్చి ఏనాడూ లేదు. మా ఆవిడ అలాగే సరిచేసి నాలుగున్నరకు అలారం పెట్టుకుంటోంది. మోత మాత్రం బ్రహ్మాండం, అది ఒప్పుకుంటాను.