గ్రౌండ్ చెరువైతే తప్పు వానదా?

ఏటా జూలై వచ్చిందంటే ఇదే తంతు. రెండు జల్లులు పడతాయో లేదో, స్కూల్ పిల్లల ఫుట్‌బాల్ టోర్నమెంట్ వాయిదా. గేటుకు "వర్షం కారణంగా" అని ఒక కాగితం. వానాకాలంలో వాన పడటం కూడా ఎవరూ ఊహించని ఉపద్రవమేనా?

ముందు ఒక చిన్న లెక్క. పెద్ద మ్యాచ్‌లు ఆడే మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. దాని మీద ఒక్క సెంటీమీటర్ వాన కురిస్తే పడే నీళ్ళు 71,400 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 14 తెచ్చి గుమ్మరించినట్టే. ఆ నీళ్ళు పక్కకైనా జారాలి, కిందికైనా ఇంకాలి. పక్కకు జారడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. నడిమి నుంచి రెండు వైపులా ఒక శాతం వాలు ఇస్తే టచ్‌లైన్ (పక్క గీత) దగ్గరికి వచ్చేసరికి 34 సెంటీమీటర్లు దిగుతుంది. ఆడేవాడికి తెలియను కూడా తెలియదు.

ఇంకడం దగ్గరే అసలు పనితనం ఉంది. మంచి స్టేడియాల్లో అన్నిటికంటే అడుగున కాలువలు తవ్వి చిల్లుల పైపులు పరుస్తారు. పైన సుమారు 10 సెంటీమీటర్ల కంకర, దాని మీద 30 సెంటీమీటర్ల దాకా ఇసుక, ఆ పైన గడ్డి. 1960లో అమెరికా గోల్ఫ్ సంఘం ప్రకటించిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. ఇందులో తమాషా ఏమిటంటే, ఇసుకలోని నీళ్ళు కంకరలోకి వెంటనే దిగవు. సన్నటి సందులు నీటిని పట్టుకుంటాయి, కంకరలోని పెద్ద ఖాళీలు లాగలేవు. ఇసుక అడుగున తడి బాగా నిండి, నీటి బరువు పెరిగాకే కిందికి జారుతుంది. అందుకే మామూలు రోజుల్లో వేళ్ళకు తడి అందుతుంది, కుండపోత రోజున మిగులు నీళ్ళు పైపుల్లోకి పోతాయి. ఏ మోటారూ లేకుండానే!

అయితే ఇసుక రేణువులు ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి, ఒండ్రు ఉండకూడదు. ఇల్లు కట్టే ఇసుకనే పరీక్ష చేయకుండా ట్రాక్టర్లతో దింపి, పైన గడ్డి పరిచి రిబ్బన్ కత్తిరిస్తే, ఒండ్రు ఆ సందుల్ని పూడ్చేస్తుంది. అప్పుడు పైపులు ఎంత ఖరీదైనవైతే ఏం లాభం?

మనమే కాదు, డబ్బున్నవాళ్ళూ బోల్తాపడ్డారు. 2012 అక్టోబర్ 16న వార్సాలో పోలండ్, ఇంగ్లండ్ వరల్డ్ కప్ క్వాలిఫయర్ ఆడాలి. కొత్త స్టేడియం, మూసుకునే పైకప్పు. వాన ముందే తెలిసినా కప్పు మూయలేదు, వాన మొదలయ్యాక దాన్ని కదపడానికి వీల్లేదట! రిఫరీ బంతిని కింద వేస్తే నీళ్ళలో చతికిలబడింది. మ్యాచ్ మర్నాటికి పోయింది, 1-1తో ముగిసింది. అసలు పోలండ్‌కీ నీళ్ళకీ పాత పగ ఉన్నట్టుంది. 1974 జూలై 3న ఫ్రాంక్‌ఫర్ట్‌లో పశ్చిమ జర్మనీతో వరల్డ్ కప్ మ్యాచ్‌కు ముందు అగ్నిమాపక సిబ్బంది వచ్చి నీళ్ళు తోడారు. ఫైనల్‌కు వెళ్ళాలంటే పోలండ్ గెలవాలి, జర్మనీకి డ్రా చాలు. వేగంగా ఆడే పోలండ్ వింగర్ల కాళ్ళకు ఆ బురదే అడ్డం పడింది. జర్మనీ ఆటగాడు గెర్డ్ ముల్లర్ ఒక్క గోల్ కొట్టాడు, కథ అయిపోయింది.

కింద కామెంట్లలో ఎవరో ఒకరు "బెంగళూరు చిన్నస్వామిలో లాగా సబ్ ఎయిర్ పెట్టొచ్చుగా" అంటారని తెలుసు. క్రికెట్ కోసం 2017లో ఆ నీళ్ళు పీల్చే మెషీన్ పెట్టారు, మంచిదే. కానీ ఆ మెషీన్ గాలితో నీటిని లాగేది కూడా కింద ఉన్న ఇసుక, కంకర, పైపుల గుండానే. అవే లేనిచోట అది దేన్ని పీలుస్తుంది?

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. మన చాలా ఊళ్ళలో కింద నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, నీటిని దిగనివ్వదు. అలాంటి నేల మీద బహిరంగ సభలు, ఎగ్జిబిషన్లు, పెళ్ళి పార్కింగులు. తడి నేల మీద లారీలు తిరిగితే మట్టి గట్టిగా అణిగిపోతుంది, నీరు దిగే కాస్త దారీ మూసుకుపోతుంది. సభ అయ్యాక టెంట్ గుంజల గుంటలు పూడ్చే నాథుడు ఉండడు. ఆ అణిగిన నేలను మళ్ళీ లోతుగా గుచ్చి వదులు చేసి ఇసుక చల్లాలని ఎవరికీ పట్టదు. బడ్జెట్ వస్తే గ్యాలరీకి రంగులు, ఫ్లడ్‌లైట్లు. పైపులు ఫోటోలో పడవు కదా!

స్కూల్ గ్రౌండ్‌కు కోట్లు పెట్టి ఇసుక పిచ్ వేయమని నేను అడగడం లేదు. వాలు సరిచేసి చుట్టూ కాలువ తవ్వండి, ఏటా మే నెలలో పూడిక తీయండి. జూన్ నుంచి అక్టోబర్ దాకా గేటు దాటి ఒక్క బండి కూడా లోపలికి రాకూడదు, అది ఎమ్మెల్యే గారిదైనా సరే.