గుర్రం తప్పచ్చు, ప్రవర తప్పదు

మా బాబాయ్ కూతురి పెళ్లిలో కన్యాదానం దగ్గర పురోహితుడు గారు అమ్మాయి తండ్రి పేరు, తాత పేరు కనుక్కుని, ముత్తాత పేరు అడిగారు. అంటే బాబాయ్‌కి సొంత తాత. బాబాయ్ ఒక నిమిషం మండపం పైకప్పుకేసి చూశాడు. "వెంకట..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. చివరికి వంటల దగ్గరున్న మా మేనత్తని పిలిపించి కనుక్కోవాల్సి వచ్చింది. గంట తర్వాత అదే బాబాయ్, చేతిలో ఇడ్లీ ప్లేటుతో నన్ను పక్కకి లాగి, ఫ్రాంకెల్ అనే ఇంగ్లండు గుర్రానికి తండ్రి గెలీలియో, తాత శాడ్లర్స్ వెల్స్, ముత్తాత నార్తర్న్ డాన్సర్ అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. తల్లి కైండ్. ఆవిడ తండ్రి డేన్‌హిల్, ఆయన తండ్రి డాంజిగ్, ఆయన తండ్రి మళ్లీ నార్తర్న్ డాన్సరే.

"మేనరికం అన్నమాట" అన్నాను.

"అలా అనకూడదురా. త్రీ బై ఫోర్ ఇన్‌బ్రీడింగ్ అంటారు. ఒకే పెద్దాయన తండ్రి వైపు మూడో తరంలో, తల్లి వైపు నాలుగో తరంలో ఉన్నాడన్నమాట" అన్నాడు.

నవ్వేవాళ్లు నవ్వుకోండి. నాకు మాత్రం ఆ రోజే కళ్లు తెరుచుకున్నాయి. మనుషుల్లో వంశం మాటెత్తితే వెనకబాటుతనం అంటారు. అదే మాట గుర్రం గురించి అంటే సైన్సు. అందుకని, థరోబ్రెడ్ అనే జాతి రేసు గుర్రాల వంశవృక్షాలు చూసి గెలుపు చెప్పలేమని గిట్టనివాళ్లు చేస్తున్న ప్రచారాన్ని ఖండించి, ఆ వంశాలన్నీ రాసిపెట్టే పుస్తకం పరువు నిలబెట్టడానికి నేను పూనుకుంటున్నాను. గుర్రాలు ఓడిపోతాయి, ఒప్పుకుంటాను. కానీ ఇంతవరకు ఏ వంశవృక్షమూ ఓడిపోలేదు.

ముందు ప్రవర. మనకి త్రయార్షేయం ఎలాగో వీటికీ మూల పురుషులు ముగ్గురే. బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. మొదటాయన 1690లో ఐర్లండులో జరిగిన బాయిన్ యుద్ధానికి ఒక కెప్టెన్ గారిని మోసుకెళ్లారు. రెండో ఆయన 1704లో సిరియాలోని అలెప్పో నుంచి ఇంగ్లండు చేరారు. ఇవాళ ప్రపంచంలో పరిగెత్తే ఏ థరోబ్రెడ్ అయినా తండ్రి, తండ్రికి తండ్రి అని వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే ఈ ముగ్గురిలో ఒకరి దగ్గర ఆగాలి. నూటికి తొంభైకి పైగా ఆగేది డార్లీ వారి దగ్గరే. మన లెక్కలో అన్నీ సగోత్రాలు, ఒక్క సంబంధం కూడా కుదరకూడదు. కానీ 1791లో మొదటిసారి జనరల్ స్టడ్ బుక్ అనే ఆ వంశాల పుస్తకం అచ్చువేసినవాళ్లు మన పంచాంగం చూడలేదు.

ఆ డార్లీ వారి వంశంలోనే ఎక్లిప్స్ గారు పుట్టారు. 1764లో, సూర్యగ్రహణం రోజున. మనవాళ్లయితే గ్రహణంలో పుట్టిన పిల్లకి శాంతి చేయించి, నువ్వులు దానమిచ్చి, ఆ తర్వాత కూడా అనుమానంగానే చూస్తారు. ఇంగ్లండువాళ్లు గ్రహణాన్నే పేరుగా పెట్టి ఊరుకున్నారు. ఆయన 1769లో ఎప్సమ్‌లో మొదటిసారి బరిలోకి దిగి గెలిచారు. మొత్తం 18 రేసులు, ఒక్కటీ ఓడలేదు. "ఎక్లిప్స్ ఫస్టు, మిగతావి అసలు లెక్కలోనే లేవు" అని అప్పట్లో ఒకాయన పందెం కాశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

చుట్టరికాల్లో మాత్రం వీళ్ల పద్ధతి మనకి తిరగేసి ఉంటుంది. ఒక తల్లి పిల్లలైతేనే తోబుట్టువులు. తండ్రి ఒకడైనంత మాత్రాన అన్నదమ్ములు కారు, వాళ్లకీ వీళ్లకీ ఏ సంబంధమూ లేదు. ఇందులో ఇంగితం ఉంది. పేరున్న స్టాలియన్ (సంతానం కోసం ఉంచే మగగుర్రం) దగ్గరికి ఏడాదికి వందకు పైగా ఆడగుర్రాలు వస్తాయి. ఆ పిల్లలందరినీ తోబుట్టువులంటే రాఖీ పండక్కి స్టడ్ ఫామ్ చాలదు.

పుట్టినరోజులు కూడా పుస్తకం చెప్పినట్టే. మన తరంలో సగం మందికి హెడ్మాస్టరు గారు జూన్ 1 అని రాసి పడేసినట్టు, భూమికి ఉత్తరాన పుట్టిన థరోబ్రెడ్‌లన్నిటికీ జనవరి 1నే పుట్టినరోజు. డిసెంబరు 31 రాత్రి పుట్టిన పిల్లకి తెల్లారేసరికి ఏడాది నిండిపోతుంది. పేరు, మధ్యలో ఖాళీలతో కలిపి, 18 ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు. మా బాబాయ్ పేరు ఇంటిపేరు లేకుండానే 26. గుర్రమై పుట్టి ఉంటే రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గరే ఆగిపోయేవాడు.

ఇక ఇంజెక్షన్లతో కడుపు చేయించడం నిషిద్ధం. మా ఊళ్లో గేదె ఎదకొస్తే పశువుల డాక్టరు ఒక సూదితో పని కానిచ్చేస్తాడు, తండ్రి ఎవరో ఎవరూ అడగరు, పాలు ఎన్ని లీటర్లో అడుగుతారు. ఇక్కడ అలా కుదరదు. పెళ్లికొడుకు స్వయంగా దయచేయాలి, ఖర్చు ఆడపెళ్లివారు పెట్టుకోవాలి. ఫ్రాంకెల్ పద్నాలుగుకి పద్నాలుగు రేసులూ గెలిచి, 2013లో కాపురానికి కూర్చున్నప్పుడు ఒక్కో సంబంధానికి లక్షా పాతిక వేల పౌండ్లు. వరకట్న నిషేధ చట్టం గుర్రాలకి వర్తించదు కాబోలు.

అలా పుట్టిన పిల్లని వేలానికి తెచ్చినప్పుడు క్యాటలాగులో ఒక పేజీ వేస్తారు. ఆ పేజీని మన పెళ్లి బయోడేటా పక్కన పెట్టి చూడండి. పెద్ద రేసులు గెలిచిన చుట్టాల పేర్లు లావు అక్షరాల్లో ఉంటాయి. దాన్ని బ్లాక్ టైప్ అంటారు. మన బయోడేటాలో "పెద్ద మేనమామ, కాలిఫోర్నియా" అని ఉంటుంది, చిన్న మేనమామ ఏం చేస్తాడో ఉండదు చూడండి, ఆ విద్యే. అమ్మే సరుకు మాత్రం ఇంకా ఒక్క రేసూ పరిగెత్తి ఉండదు. లావు అక్షరాలన్నీ అమ్మమ్మవి, పిన్నివి.

ఇంత ఏర్పాటు చేశాక మొదటి రేసు గెలిస్తే ఆ ఘనత ఎవరిది? 2010 ఆగస్టు 13న న్యూమార్కెట్‌లో ఫ్రాంకెల్ తన తొలి రేసు అర లెంగ్త్ (అంటే సగం గుర్రం పొడవు) తేడాతో గెలిచాడు. రెండో స్థానంలో నథానియేల్. ఆయనా గెలీలియో కొడుకే, మరుసటి ఏడాది కింగ్ జార్జ్ అనే పెద్ద రేసు కొట్టాడు. అంటే ఎవరు గెలిచినా ఆ రోజు పుస్తకమే గెలిచేది. ఇంత బందోబస్తు మన టెన్త్ ఫలితాల ప్రకటనల్లో కార్పొరేట్ కాలేజీలకి కూడా లేదు. ఓడిపోయినప్పుడు మాత్రం కారణాలు గుర్రం చుట్టుపక్కలే దొరుకుతాయి. సెక్రటేరియట్ అనే అమెరికా గుర్రం 1972 జులై 4న న్యూయార్కులో తొలి రేసులో నాలుగో స్థానంలో వచ్చాడు. పక్క గుర్రం గుద్దింది. అది నిజమే లెండి, ఏడాది తిరిగేసరికి బెల్‌మాంట్‌లో 31 లెంగ్త్‌ల తేడాతో గెలిచి నోళ్లు మూయించాడు. కానీ ఆ ఒక్కడి పుణ్యమా అని అప్పటినుంచి నాలుగో స్థానంలో వచ్చిన ప్రతి గుర్రపు యజమానీ తన ఇంట్లో సెక్రటేరియట్ ఉన్నాడనుకుంటున్నాడు.

గిట్టనివాళ్లు ఇక్కడే ది గ్రీన్ మంకీ అనే గుర్రం పేరు తెస్తారు. తెచ్చుకోనివ్వండి. 2006 ఫిబ్రవరి, ఫ్లోరిడాలో రెండేళ్ల పిల్లల వేలం. కొనేవాళ్ల ముందు ఒక ఫర్లాంగు పరిగెత్తి చూపించాలి. ఈ పిల్ల 9.8 సెకన్లలో చుట్టేశాడు. వంశంలో నార్తర్న్ డాన్సర్ ఉన్నాడు, సెక్రటేరియట్ ఉన్నాడు. ఐర్లండు వైపు నుంచి కూల్‌మోర్ అనే స్టడ్ ఫామ్ వాళ్లు, దుబాయ్ వైపు నుంచి షేక్ గారి మనుషులు పంతానికి పోయారు. పాట కోటి అరవై లక్షల డాలర్ల దగ్గర ఆగింది. కూల్‌మోర్ వాళ్లదే పైచేయి. బార్బడోస్‌లో ఒక గోల్ఫ్ మైదానం పేరు పెట్టి, 2007 సెప్టెంబరులో బెల్‌మాంట్‌లో బరిలోకి దించారు. మూడో స్థానం. తర్వాత నాలుగో స్థానం. ఆ తర్వాత పచ్చిక మీద పరిగెత్తించి చూశారు, ఎనిమిదో స్థానం. అంతే, రిటైర్‌మెంట్. మూడు రేసుల్లో మొత్తం సంపాదన 10,440 డాలర్లు.

దీన్ని బట్టి పుస్తకం తప్పంటారా? ఫర్లాంగు పరిగెత్తమంటే పరిగెత్తాడు. ఆ తర్వాత కూడా పరిగెత్తాలని ఆ పేజీలో ఎక్కడ రాసుంది? పైగా పుస్తకం మీద నమ్మకం ఎంత గట్టిదంటే, ఒక్క రేసూ గెలవని ఆయనకి కూడా స్టాలియన్ ఉద్యోగం ఇచ్చారు, సంబంధానికి 5,000 డాలర్లు. తను చేయలేని పని కొడుకుల చేత చేయించడానికి. ఇందులో వింతేముంది, మన ఊళ్లో ఎంతమంది తండ్రులు ఐఐటీ కోచింగ్ ఫీజులు కట్టడం లేదూ?

1983లో కెంటకీలో కోటీ రెండు లక్షల డాలర్లు పలికిన స్నాఫీ డాన్సర్ ఇంకా పెద్దమనిషి. అసలు ఏ రేసులోనూ ఓడిపోలేదు. ఎందుకంటే ఏ రేసులోనూ దించలేదు, ప్రాక్టీసులోనే సంగతి తెలిసిపోయింది. పోనీ పెళ్లి చేద్దామంటే సంతానం కూడా అంతంతమాత్రమే.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది సియాటిల్ స్లూ. 1975లో ఏడాది పిల్లగా వేలంలో పలికింది 17,500 డాలర్లు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రెండేళ్లు తిరిగేసరికి ఒక్క రేసూ ఓడకుండా అమెరికన్ ట్రిపుల్ క్రౌన్, అంటే ఒకే ఏడాది మూడు పెద్ద రేసులూ గెలిచాడు, అలా గెలిచిన మొదటి గుర్రం అతనే. అప్పుడు అందరూ పరిగెత్తుకుంటూ వెళ్లి వాళ్ల అమ్మ పేరు లావు అక్షరాల్లో వేశారు. ఆ తల్లికే పుట్టిన తమ్ముడు సియాటిల్ డాన్సర్ 1985లో వేలానికి వస్తే కోటీ ముప్ఫై ఒక్క లక్షల డాలర్లు పోశారు. తమ్ముడు ఏవో రెండు మంచి రేసులు గెలిచాడు, అన్నలా కాదు. అన్నగారిని కొన్న డబ్బుతో తమ్ముడి తోక వెంట్రుకలు కూడా రావు. అసలు ఈ వంశాలన్నిటికీ తలమానికమైన నార్తర్న్ డాన్సర్ గారినే, చిన్నప్పుడు పొట్టిగా ఉన్నాడని పాతిక వేల డాలర్లు పెట్టి ఎవరూ కొనలేదు. పుస్తకం అప్పటికి ఆయన్ని గుర్తించలేదు, ఎందుకంటే ఆయన లేకుండా పుస్తకం ఎలా ఉండాలో దానికింకా తెలియదు. నాకే సరిగ్గా అర్థం కాని ఈ వాక్యం బాబాయ్‌ది.

బాబాయ్‌తో నేను హైదరాబాద్ మలక్‌పేటలోని రేస్ కోర్సుకి వెళ్లింది ఒక్కసారే. ఆరో నిజాం కాలంలో, 1886లో, అక్కడికి వచ్చిన రేసులు ఇవి. ప్యాడక్‌లో గుర్రాల్ని నడిపిస్తున్నారు. బాబాయ్ వేలు పెట్టి చూపించిన పిల్ల మొదటిసారి పరిగెత్తబోతోంది. మెడ మీద చెమట తెల్లటి నురగ కట్టింది. మైకులో ఎవరో దగ్గితే రెండు చెవులూ అటు తిరిగాయి. సయీసు పగ్గం పొట్టిగా పట్టుకుని ఏదో చెప్తున్నాడు, అది మాత్రం అతని చొక్కా జేబు వాసన చూస్తోంది. "చూశావా, బెరుకే లేదు. తండ్రి ఇంపోర్టెడ్" అన్నాడు బాబాయ్. టికెట్ కొన్నాడు. గేటు తెరుచుకున్నప్పుడు అన్నీ బయటికొచ్చాయి, ఇది ఒక క్షణం ఆలోచించుకుని వచ్చింది. తొమ్మిదింట్లో ఏడో స్థానం.

"1200 మీటర్లు దీనికి చాలదు. రక్తంలో దూరం ఉంది, 2000 ఇస్తే చూడు" అన్నాడు. నెల తర్వాత అంత దూరమూ ఇచ్చారట. ఫోన్ చేసి కనుక్కున్నాను. "తల్లి వైపు స్పీడ్ ఎక్కువ, దూరం తట్టుకోలేదు" అన్నాడు. ఆ మొదటి రోజు గెలిచిన గుర్రానికి పేజీలో లావు అక్షరం ఒక్కటీ లేదు. బాబాయ్ ఆ రాత్రి అన్నం మానేసి కూర్చుని, ఐదో తరంలో తల్లి వైపు ఇంగ్లండులో ఏదో రేసు గెలిచిన గుర్రం ఒకటి పట్టుకున్నాడు. "ఇదిగో, ఇక్కడే ఉంది! నేనే చూసుకోలేదు" అని ఊపిరి పీల్చుకున్నాడు.

గుర్రప్పందెం అదృష్టం మీద ఆధారపడే జూదం కాదు, నైపుణ్యం ఉండాల్సిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చింది. బాబాయ్ ఆ సంవత్సరాన్ని తన పెళ్లిరోజు కన్నా బాగా గుర్తుపెట్టుకున్నాడు. నైపుణ్యం ఉండాలని కోర్టు చెప్పింది కానీ అది ఈయనకి ఉందని చెప్పలేదు కదా అని పిన్ని అడుగుతుంది. చట్టం తెలియని మనిషి.

మొన్న వాళ్లబ్బాయి ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. ఆరు సబ్జెక్టుల్లో నాలుగు పోయాయి. బాబాయ్ కాసేపు పేపర్ మడతపెట్టి విప్పి, విప్పి మడతపెట్టి, "మా వైపు ఎవరూ ఇలా లేరు. ఇది తల్లి వైపు నుంచి వచ్చింది" అన్నాడు.

పిన్ని చింతపండు పిసుకుతూ తలెత్తకుండానే అంది: "అవునండీ, మా వైపే. మరి వాడు కాలేజీ ఎగ్గొట్టి శనివారాలు మలక్‌పేటలో ఉంటున్నాడట, అది ఎవరి వైపు?"

బాబాయ్ కళ్లజోడు సవరించుకుని నాకేసి తిరిగాడు. "ఏ గుర్రం మీద వేశాడో కనుక్కోరా" అన్నాడు.