మంజీరా పైపు తాతకి, సంపు అడుగు నుంచి

తాతా, దండాలు.

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి, పగిలేదాకా నువ్వున్నావనే గుర్తుండదు కదా మాకు. మొన్న ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, సంగారెడ్డి దగ్గర కలబ్‌గూర్ నుంచి మన హైదరాబాద్‌కి మంజీరా నీళ్ళు మోసుకొచ్చే 1500 ఎంఎం లైన్‌కి, అంటే నీకే, లీకేజీ, 36 గంటలు నీళ్ళు బంద్ అని. అంతే, మా అమ్మ ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపేసింది, బకెట్లు అయిపోయాక కుక్కరు, కుక్కరయ్యాక పండక్కి అరిసెలు దాచే స్టీలు డబ్బా. ఇప్పుడు డబ్బా నీళ్ళు అరిసెల వాసనొస్తున్నాయి, టీ మాత్రం బానే ఉంది.

నువ్వు పుట్టింది 1981లో, మంజీరా రెండో ఫేజు అని పేరు. నీ ఈడు మనుషులకి ఆర్నెల్లకోసారి బీపీ, షుగరు చూస్తారు. నీకు ఒకటే వైద్యం, ఎక్కడ కారితే అక్కడ తవ్వి, పాడైన ముక్క తీసి ఇనుప ముక్క వెల్డింగ్ చేసి మట్టి కప్పేయడం. పైపువి కాదు తాతా నువ్వు, బొంతవి.

నీ ఒళ్ళు కూడా అలాంటిదేలే. కాంక్రీట్ గొట్టం, దాని మీద బిగించి చుట్టిన తీగ, ఆ పైన సిమెంట్ పూత. పూత బీటలిచ్చి తడి తగిలిందంటే తీగ లోపల్లోపలే తుప్పు పట్టిపోతుంది, పైకేం తెలీదు, ఒకరోజు టపటపా తెగుతుంది, నువ్వు ఫట్‌మంటావు, రోడ్డు చెరువైపోతుంది. దానికితోడు పంపుహౌస్‌లో కరెంట్ పోతే నీళ్ళు ఎదురు కొట్టే దెబ్బొకటి, పక్కన ముంబై హైవే మీద లోడు లారీలొకటి. ఇంత మోస్తున్నావని తెలిసాక తిట్టబుద్ధి కాదు, కానీ పొద్దున్నే తలకి షాంపూ పెట్టుకున్నాక నీళ్ళాగిపోతే తిట్టకుండా ఎలా ఉంటా చెప్పు.

వెల్డింగ్‌కి 36 గంటలెందుకు అని మా కాలనీ గ్రూపులో పెద్ద యుద్ధం. నీ కడుపులో నీళ్ళు తోడెయ్యడానికే గంటలు గంటలు పడుతుంది, ఎందుకంటే నువ్వు అంత లావు, మా అమ్మ కొంచెం తల వంచితే నీలోంచి నడిచి సంగారెడ్డి దాకా పోవచ్చు. అయ్యాక మళ్ళీ నిదానంగా నింపాలి, గాలంతా పోవాలి, తొందరపడి ఒత్తితే ఇంకోచోట పగులుతావు. ఇదంతా గ్రూపులో టైప్ చేస్తే ఒకాయన థంబ్ పెట్టి ట్యాంకర్ నంబర్ అడిగాడు.

మార్చేయొచ్చు కదా అంటారు. నిన్ను ఆపి మార్చలేరు, ఆపితే ఇటు లింగంపల్లి నుంచి మియాపూర్ దాకా గొంతెండుతుంది, అంటే ముందు నీ పక్కనే ఇంకోటి వేయాలి, ఆ పక్కనేమో ఇప్పుడు షాపులు, ఫ్లైఓవర్ పిల్లర్లు, ఎవరి కేబుళ్ళో ఎవరికీ తెలీని కేబుళ్ళు. అదొక్కటే అయితే ఏదోలా చేసేవాళ్ళేమో. నీ తర్వాత ఊరికి కొత్త నీళ్ళంటూ సింగూరు వచ్చింది, కృష్ణా మూడు ఫేజులు, ఎల్లంపల్లి నుంచి గోదావరి, అందరికీ పూలదండలూ శిలాఫలకాలూ. పాత పైపు తీసి కొత్తది వేస్తే ఊరికి ఒక్క బకెట్ ఎక్కువ రాదు, ఉన్నదే వస్తుంది, దానికెవడు కొబ్బరికాయ కొడతాడు? మేమేం తక్కువ కాదు, 2021 నుంచి నెలకి 20,000 లీటర్లు ఫ్రీ అంటే మీటరు పెట్టించుకుని మరీ తాగుతున్నాం, నీ మందుల ఖర్చు ఎవరిదని ఏ ఇంట్లోనూ ఎవరూ అడగలేదు, మా ఇంట్లో అసలే అడగలేదు.

36 గంటలు ఎప్పుడో దాటాయి. సంపులో దిగి అడుగున మిగిలింది చెంబుతో ఎత్తుతూ, ఫోన్ లైట్లో ఇది రాస్తున్నా. పైన నల్లా బుస్సుమంటోంది, గాలే ఇంకా, గాలికే మీటర్ గిర్రున తిరుగుతోందని అమ్మ అరుస్తోంది, తర్వాత ఎలాగూ ఎర్రనీళ్ళొస్తాయి, అవి మొక్కలకి.

ఉంటా మరి, నిచ్చెన తీసేస్తారేమో,
నీ మనవడు