ఆ పెట్టెలో మా ఆవిడ సంతకం

మొన్న ఇక్కడ కెనడాలో మన తెలుగు అసోసియేషన్ వేసవి పిక్నిక్‌లో ఒక తమ్ముడు నన్ను చెట్టు చాటుకి పిలిచాడు. అప్పు అడుగుతాడేమో అనుకున్నా. అది కాదు.

"అన్నయ్యా, మీకు తుపాకీ లైసెన్సు ఉందటగా. నేనూ అప్లై చేస్తున్నా. కోర్సు అయిపోయింది, పరీక్ష పాసయ్యా. ఆ ఫారంలో డిప్రెషన్ వచ్చిందా, ఉద్యోగం పోయిందా, పెళ్ళాంతో గొడవలా అని ఏవేవో అడుగుతున్నాడు. అన్నిటికీ 'నో' కొట్టేస్తే పోలా?"

పోదు. ఎందుకు పోదో ఆ చెట్టుకింద అరగంట చెప్పాను. అప్పటికే మా ఇద్దరికోసం పిల్లలు వెతుక్కుంటూ వచ్చేశారు కాబట్టి సగంలో ఆగిపోయింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఆ తమ్ముడొక్కడే కాదు, ఈ రెండేళ్ళలో ఇదే ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు నలుగురైదుగురున్నారు. అందరూ మగవాళ్ళే. అందరూ గొంతు తగ్గించే అడిగారు.

ముందుగా నా సంగతి. 2018లో నేను ఒంటారియోలో ఒక .22 పిస్తోలు కొన్నాను, కాగితం బొమ్మల మీద గురిపెట్టి కొట్టడానికి. ఇండియాలో మా నాన్నగారికి ఈ ముక్క చెబితే "ఎవరైనా బెదిరిస్తున్నార్రా?" అన్నారు. ఆయన తప్పు లేదు. మన ఊళ్ళల్లో తుపాకీ లైసెన్సంటే ప్రాణభయమో, పలుకుబడో. ఎన్నికలొస్తే దాన్ని తీసుకెళ్ళి పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రావడం. కెనడాలో లెక్క తలకిందులు. "నాకు ప్రాణభయం ఉంది, ఆత్మరక్షణకి పిస్తోలు కావాలి" అన్నారంటే మీ ఫైలు అక్కడే చిక్కుపడుతుంది. రిస్ట్రిక్టెడ్ తరగతి (ఎక్కువ ఆంక్షలున్నవి, పిస్తోళ్ళు ఇందులోకే వస్తాయి) తుపాకీ కొనడానికి మామూలు మనిషికి చెల్లే కారణాలు రెండే: గురి సాధన, లేదంటే సేకరణ. అమెరికాలో ఉన్న మన బావమరుదుల సలహాలు ఇక్కడ పనికిరావు. అక్కడ హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఫెడరల్ చట్టమే చాలావరకు అడ్డు. ఇక్కడ సిటిజన్‌షిప్ కూడా అక్కర్లేదు. అడిగేది వేరే.

కోర్సు గురించి ఎక్కువ చెప్పను. మామూలు తుపాకులకి ఒకటి, రిస్ట్రిక్టెడ్ కావాలంటే దాని మీద ఇంకొకటి. రాతపరీక్షలోనూ, చేత్తో పట్టి చూపించే పరీక్షలోనూ నూటికి 80 రావాలి. మన పిల్లలకి 80 అంటే నవ్వొస్తుంది గానీ, రెండో పరీక్షలో ఐఐటీలు పనిచేయవు. నాతోపాటు కూర్చున్న ఒక పెద్ద చదువుల కుర్రాడు బల్లమీంచి తుపాకీ తీస్తూ వేలు ట్రిగ్గర్ మీద పెట్టాడు. మా మాస్టారు ఏమీ అనలేదు, కాగితం మీద చిన్న గీత గీశారు. ప్రతి తుపాకీలోనూ గుండు ఉన్నట్టే అనుకో, గొట్టం ఎటు చూస్తోందో నీ అదుపులో ఉంచుకో, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టు, ఖాళీగా ఉందో లేదో నీ కళ్ళతో చూసుకో. రెండు రోజులు ఈ నాలుగు ముక్కలే. ఇప్పటికీ మా అబ్బాయి బొమ్మ తుపాకీ నాకేసి తిప్పితే నా తల దానంతటదే పక్కకి పోతుంది.

అసలు కథ ఫారం దగ్గర మొదలైంది.

పేరు, ఊరు, ఫోటో. మన ఇంటిపేర్లతో ఎప్పుడూ ఉండే గోలే. పాస్‌పోర్టులో ఒకలా, డ్రైవింగ్ లైసెన్సులో ఒకలా. అది దాటాక సొంత చరిత్ర వస్తుంది. నేను నింపిన ఫారంలో, గత 5 ఏళ్ళలో డిప్రెషన్‌కి గానీ, మద్యం, మత్తుమందుల వ్యసనానికి గానీ, మానసికమైన ఇబ్బందులకి గానీ వైద్యం చేయించుకున్నావా అని ఉంది. ఆత్మహత్య ప్రయత్నం చేశావా, బెదిరించావా అని ఉంది. గత 2 ఏళ్ళలో విడాకులు, విడిపోవడం, ఉద్యోగం పోవడం, దివాలా, వీటిలో ఏదైనా జరిగిందా అని ఉంది.

2017లో నా ఉద్యోగం పోయింది. ఐదు నెలలు ఇంట్లో ఉన్నాను. ఆ ఐదు నెలల్లో డాక్టర్ దగ్గరికి వెళ్ళాను, మాత్రలు రాశారు, వాడాను. ఉద్యోగం దొరికాక ఆయన్నడిగే మెల్లగా ఆపేశాను. ఇవన్నీ ఎవరికి తెలుసు? ఉద్యోగం పోయిన సంగతి మా ఆవిడకీ, ఒక్క స్నేహితుడికీ తెలుసు. ఊళ్ళో అమ్మానాన్నలకి ఈనాటికీ తెలియదు. మాత్రల సంగతి డాక్టరుకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మా ఆవిడతో నిద్ర మాత్రలని చెప్పాను.

ఫారంలో రెండు చోట్లా 'అవును' అని టిక్కు పెట్టి, వివరం వేరే కాగితం మీద రాశాను. నాది హరిశ్చంద్రుడి వంశమేమీ కాదు. తెలిసి అబద్ధం రాస్తే అది నేరం, 5 ఏళ్ళ దాకా జైలు పడొచ్చని కోర్సులో విన్నాను, అంతే. తర్వాత పేజీలో ఉంది అసలు తిరకాసు. భార్య లేదా భర్త సంతకం, అంతకుముందు 2 ఏళ్ళలో విడిపోయినవాళ్ళుంటే వాళ్ళ సంగతి కూడా. సంతకం లేకపోయినంత మాత్రాన దరఖాస్తు చెల్లదని కాదు. కానీ లేకపోతే లైసెన్సు ఆఫీసువాళ్ళే ఆవిడకి తెలియజేయాలి.

మన ఇళ్ళల్లో సంతకాలు ఎలా జరుగుతాయో మీకు తెలుసు. "ఇదిగో, ఇక్కడొకటి, కింద ఇంకొకటి, బ్యాంకుది." ఇంటి లోను కాగితాల మీద మా ఆవిడ అలాగే పెట్టింది, కుక్కర్ విజిల్ లెక్కపెట్టుకుంటూ. ఇదీ అలాగే అయిపోతుందనుకున్నాను. పెన్ను చేతికిచ్చాను. ఆవిడ స్టవ్ కట్టేసి, కుర్చీ లాక్కుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టింది.

విడి కాగితం దగ్గర ఆగింది.

"నిద్ర మాత్రలన్నారుగా?"

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

"నేను పక్క గదిలో ఉన్నాను అన్ని నెలలూ. ఎవరో ఆఫీసరుకి రాసేముందు నాకు చెప్పాలనిపించలేదా అండీ?"

ఆ రోజు సంతకం పడలేదు. మర్నాడూ పడలేదు. ఫారం పంచాంగం వెనకాల మేకుకి తగిలించి ఉండిపోయింది, దగ్గర దగ్గర రెండు వారాలు. ఆ రెండు వారాల్లో మేము మాట్లాడుకున్నవి పన్నెండేళ్ళ కాపురంలో మాట్లాడుకోలేదు. అవి ఇక్కడ రాయను. చివరికి ఆవిడ ఒకే షరతు పెట్టింది: తుపాకీ పెట్టె తాళం తన దగ్గరుండాలి. అది కుదరదన్నాను. లైసెన్సు లేని మనిషి చేతికి ఆ తాళం అందకూడదు, చట్టం ఒప్పుకోదు. "అయితే ఆ కోర్సేదో నేనూ చేస్తా" అంది. చేసింది. రాతపరీక్షలో నాకంటే మూడు మార్కులు ఎక్కువ. ఆవిడ ఫారం మీద నా సంతకం నేనూ చదివే పెట్టాను.

నా ఫారంలో ఇంకో ముచ్చట ఉంది. నన్ను కనీసం 3 ఏళ్ళుగా ఎరిగినవాళ్ళు ఇద్దరి పేర్లు ఇవ్వాలి. ఉద్యోగం సంగతి తెలిసిన ఆ స్నేహితుడి పేరు ఒకటి ఇచ్చాను. కొన్ని వారాలకి ఆఫీసరు అతనికి ఫోన్ చేశాడు. మనవాడు పొంగిపోయి, నన్ను ఆకాశానికెత్తేశాడు. రాముడు మంచి బాలుడు, కోపమన్నది తెలియదు, మందు ముట్టడు. "ఈమధ్య కాలంలో ఏమైనా కష్టాలు, ఒత్తిళ్ళు ఉన్నాయా?" అని అడిగితే "అబ్బే, ఏమీ లేవండీ, ఫస్ట్ క్లాస్‌గా ఉన్నాడు" అన్నాడు. సాయంత్రం నాకు ఫోన్ చేసి "నీ పరువు కాపాడాన్రా" అన్నాడు కూడా. మర్నాడు ఆఫీసరు నాకు ఫోన్ చేసి, ఉద్యోగం పోయిందని నువ్వు రాశావు, నీ స్నేహితుడు ఏమీ లేదంటున్నాడు, ఏది నిజం అని మర్యాదగానే అడిగాడు. డాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం తెమ్మన్నాడు. తెచ్చాను. మొదటిసారి అప్లై చేసేవాళ్ళకి చట్టం పెట్టిన 28 రోజుల కనీస గడువు నా విషయంలో నాలుగు నెలలైంది. నా టిక్కుల వల్ల ఎంత ఆలస్యమైందో, నా స్నేహితుడి ప్రేమ వల్ల ఎంత ఆలస్యమైందో విడదీసి చెప్పలేను. కానీ లైసెన్సు వచ్చింది. డిప్రెషన్‌కి 'అవును' అని రాసినవాడికి వచ్చింది. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నన్నడిగిన ప్రతివాడి భయమూ ఇదే. 'అవును' అంటే తలుపు మూసుకోదు. ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతారు.

ఇక కొనడం. దాని గురించి అందరూ కంగారు పడతారు గానీ అదే అన్నిటికంటే తేలిక. గొట్టం (బ్యారెల్) 105 మిల్లీమీటర్లు దాటిన పిస్తోలు రిస్ట్రిక్టెడ్, దాటకపోతే ప్రొహిబిటెడ్, అంటే నిషేధం, మనకి దొరకదు. దుకాణంవాడు కార్డు నంబరు తీసుకుని బదిలీకి పంపాడు. తుపాకుల వ్యవహారాలు చూసే ప్రావిన్సు చీఫ్ ఫైర్ఆర్మ్స్ ఆఫీసరు కార్యాలయం ఎందుకు కొంటున్నావని అడిగింది, క్లబ్బు సభ్యత్వం చెప్పాను. డబ్బు కట్టేశాక కూడా రిజిస్ట్రేషన్ వచ్చేదాకా వస్తువు దుకాణంలోనే. దాన్ని ఇంటికీ, రేంజ్‌కీ తీసుకెళ్ళడానికి ఇంకో అనుమతి. 2015 చట్టం దాన్ని లైసెన్సుకే షరతుగా తగిలించింది. 2021లో మళ్ళీ బిగించారు. తీసుకెళ్ళేటప్పుడు ట్రిగ్గర్‌కి తాళం, పెట్టెకి తాళం, పెట్టె లోపలున్నది బయటికి కనపడకూడదు, దారి సూటిగా ఉండాలి. మొదటిరోజు ఇంటికొస్తూ కొత్తిమీర కట్ట కోసం ఆగడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు.

ఇప్పుడా కొనుగోలు భాగం చరిత్ర. 2022 అక్టోబర్ 21 నుంచి మామూలు మనుషులకి పిస్తోళ్ళ అమ్మకం, కొనుగోలు, బదిలీ ఆగిపోయాయి. 2023 డిసెంబర్‌లో సీ-21 చట్టం దాన్ని స్థిరం చేసింది. ఒలింపిక్ పోటీల స్థాయి షూటర్లకీ, ఇంకా కొద్దిమందికీ మినహాయింపు. నా పిస్తోలు నేను ఇంకో మామూలు మనిషికి అమ్మలేను, మా అబ్బాయికి ఇవ్వలేను. నాకిది రుచించలేదని దాచను. టొరంటో నేరాల్లో పట్టుబడే పిస్తోళ్ళలో ఎక్కువభాగం దక్షిణ సరిహద్దు దాటి దొంగతనంగా వచ్చినవేనని పోలీసులే చెబుతారు. నాలుగు నెలలు ప్రశ్నలకి జవాబిచ్చినవాడి చేతులు కట్టేస్తే వాటికేమవుతుంది?

కానీ ఆ ఫారం మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు. రైఫిలు కొనుక్కుని వేటకో, గురికో వెళ్ళాలనుకునే మన కుర్రాళ్ళు ఇప్పటికీ నింపాల్సింది అలాంటి ఫారమే. అది ఊరికే పుట్టలేదు. 1989 డిసెంబర్ 6న మాంట్రియల్ ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఒకడు 14 మంది ఆడవాళ్ళని చంపాడు. ఆ తుపాకీ అతను చట్టప్రకారం కొనుక్కున్నదే. ఆ ఘోరం తర్వాత లేచిన ఉద్యమం 1995 తుపాకుల చట్టానికి దారితీసింది. 2020 ఏప్రిల్‌లో నోవా స్కోషియాలో 22 మందిని చంపినవాడికైతే లైసెన్సే లేదు. అతను ఆ రాత్రి మొదలుపెట్టింది తన సహచరిని కొట్టడంతో. అతను ఆవిడని హింసిస్తున్నాడనీ, దగ్గర తుపాకులున్నాయనీ ఒక పొరుగావిడ అంతకు ఏళ్ళముందే పోలీసులకి చెప్పింది.

అందుకని, "మా ఆవిడకి ఇంగ్లీషు అంతగా రాదన్నా, ఆ సంతకం నేనే గీకేస్తా" అన్న ఇంకో పెద్దమనిషికి నేను సాయం చేయలేదు. ఇంగ్లీషు రాకపోతే తెలుగులో చదివి వినిపించు, ప్రతి లైనూ. ఆవిడ వద్దంటే ఎందుకు వద్దంటోందో విను. ఆయన నాతో ఇప్పుడు మాట్లాడటం లేదు. నా పేరు ఎవరైనా పరిచయస్థుడిగా ఇస్తామంటే కూడా ముందే చెప్పేస్తున్నాను: ఆఫీసరు అడిగితే నాకు తెలిసింది చెబుతాను. పరువు కాపాడే పని పెట్టుకోను. గుట్టుగా బతకడం మనకి అమ్మ పాలతో వచ్చిందే, కాదనను. పెళ్ళి సంబంధాల దగ్గర వాడుకుందాం. ఇంట్లోకి తుపాకీ తెచ్చేటప్పుడు వద్దు.

పిక్నిక్ తమ్ముడు పోయిన గురువారం ఫోన్ చేశాడు.

"నిజమే రాశానన్నయ్యా. తనకి ఇచ్చా."

"పెట్టిందా?"

"లేదు. చదువుతోంది. మూడు రోజులైంది."

"ఏమైనా అందా?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల ఎక్కడో గిన్నెల చప్పుడు.

"అడుగుతోంది అన్నయ్యా. మళ్ళీ చేస్తా."